ఇరుక్కున్న సూది

మంగవేణి సూది వేస్తే వంక పెట్టడానికి ఏమీ ఉండదు. చోటు తప్పదు, లోతు తప్పదు, చెయ్యి వణకదు. కానీ ఆమె సూది పడగానే చాప మీద పడుకున్న మనిషి కాలివేళ్లు ముడుచుకుపోయేవి. మగవాళ్లూ అంతే, ఆడవాళ్లూ అంతే. అదే మనిషికి గురువుగారు వేస్తే, సగం సూదులు పడేసరికి గుర్రు పెట్టేవాడు.

ఇదెక్కడి అన్యాయమో మంగవేణికి బోధపడేది కాదు. అదే చాప, అవే సూదులు, అదే చోటు. పైగా గురువుగారికి కళ్లు కూడా సరిగ్గా కనిపించవు.

గురువుగారి పేరు పాపారావు. పలాసలో ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు, రంగం తాత అంటే మాత్రం ఇంటిదాకా తీసుకెళ్లి దిగబెడతారు. ఆయన పుట్టి పెరిగింది రంగంలో, అంటే రంగూన్‌లో. తండ్రి అక్కడి ఓడరేవులో బియ్యం మూటలు మోసేవాడు. ఆ తండ్రికి నడుము పట్టేసినప్పుడు సూదులు వేసి లేపిన చీనా వైద్యుడి వెంటపడి, ఆయన ఇంట్లో చాకిరీ చేసి, ఈ విద్య నేర్చుకున్నాడు. యుద్ధం వచ్చి అందరితో పాటు అడవులు పట్టి నడిచి వచ్చేటప్పుడు మంచం, కంచం అన్నీ అక్కడే వదిలేశాడు. సూదుల పెట్టె మాత్రం నడుముకు కట్టుకుని తెచ్చుకున్నాడు. అప్పటి నుంచీ యాభై ఏళ్లుగా ఇదే పని.

వైద్యశాల అనడం పెద్ద మాట. స్టేషను దాటి జీడిపప్పు ఫ్యాక్టరీల వైపు వెళ్లే దారిలో ఒక పెంకుటిల్లు. ముందు వసారా, వెనక గది, గదిలో మూడు చాపలు, సూదులు మరగబెట్టడానికి ఒక కిరసనాయిలు స్టవ్వు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫ్యాక్టరీల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు. పొద్దున్న కూర్చుంటే పొద్దు వాలేదాకా లేవని పని కాబట్టి వాళ్ల మెడలు, జబ్బలు, నడుములు వేళకు ముందే ముసలివైపోయేవి.

మంగవేణి అంతకు ముందు శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లు నర్సుగా చేసింది. అక్కడ ఆమెకు మంచి పేరు. పసిపిల్లల చేతుల్లో ఎవరికీ దొరకని నరం ఆమె వేలికి దొరికేది. చురుక్కుమనేలోపు సూది లోపలికి వెళ్లి బయటికి వచ్చేసేది. వెంటనే దూది, ఆ వెంటనే పక్క మంచం. ఆ వేగమంటే ఆమెకు గర్వం. ఉండదా మరి. అయితే ఎన్ని ఇంజెక్షన్లు చేసినా తగ్గని తల్లి మోకాళ్ల నొప్పులు రంగం తాత దగ్గర నెల్లాళ్లలో దారికొచ్చాయి. తల్లి మెట్లెక్కడం చూసిన మంగవేణి ఉద్యోగం మానేసి వచ్చి, ఈ విద్య నాకూ చెప్పండి అని ఆయన ముందు కూర్చుంది.

ఆయన మొదట ఒక బేసిన్‌లో నీళ్లు పోసి అందులో వంకాయ వేశాడు. తేలుతున్న ఆ వంకాయలో సూది దింపాలి. కాయ మునగకూడదు, పక్కకు జరగకూడదు. రంగంలో చీనా గురువు ఆయనకు పెట్టిన పరీక్ష అదేనట. ముందు వచ్చిన శిష్యులకు మూడు నెలలు పట్టిన ఆ పని మంగవేణికి పదకొండు రోజుల్లో వచ్చేసింది. పన్నెండో రోజు వంకాయకు వరుసగా ఇరవై సూదులు గుచ్చి, బేసిన్ తీసుకెళ్లి గురువుగారి ముందు పెట్టింది.

ఆయన వంగి, కళ్లు చికిలించి చూసి సంతోషించాడు.

"చాలా బాగుందమ్మా. సూదులు తీసేసి కూర వండెయ్."

"మరి మనుషులకు ఎప్పుడు వెయ్యమంటారు?"

"అప్పుడేనా? వంకాయకి భయం ఉండదు కదా," అన్నాడాయన.

ఆ తర్వాత ఏడాది దాకా ఆమెను సూది ముట్టనివ్వలేదు. అరికాళ్లు పట్టించాడు. వీపు మీద అరచెయ్యి ఆనించి కూర్చోబెట్టాడు. పడుకున్న మనిషి మెడ కింద చెయ్యి పెట్టి ఊరికే ఉండమన్నాడు.

"చెయ్యి పెట్టి ఏం చెయ్యాలి గురువుగారూ?"

"ఏమీ చెయ్యకు."

"ఎంతసేపు?"

"అది వాళ్లు చెబుతారు."

వాళ్లు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఆమె మనసులో వంద లెక్కపెట్టి చెయ్యి తీసేసేది. ఆసుపత్రిలో అయితే ఆ సమయానికి నలుగురు రోగులు అయిపోయేవాళ్లని లోపల్లోపల చిరాకు పడేది. గురువుగారికి ఆ చిరాకు తెలియకపోలేదు. తెలిసినా ఆయన ఏమీ అనేవాడు కాదు. ఆమెకు అది ఇంకా చిరాకుగా ఉండేది.

చివరికి సూదులు చేతికొచ్చాయి. ఒంటి మీద ఉన్న మూడు వందల అరవై ఒక్క చోట్లూ ఆమెకు నోటికి వచ్చు. రోగి నొప్పి చెప్పడం పూర్తి కాకముందే ఎక్కడెక్కడ వెయ్యాలో ఆమె తేల్చేసేది. అయినా జనం, "తాతకే ఏయించుకుంతాం బాబూ," అని వసారాలో కాచుక్కూర్చునేవాళ్లు. రెండో చాప ఖాళీగా ఉన్నా సరే.

ఒకరోజు ఆమె ఉండబట్టలేక అడిగేసింది. "సూదంటే ఇంత భయమున్నవాళ్లు సూదుల వైద్యానికి రావడం ఎందుకు గురువుగారూ? భయం వాళ్లది, నింద నాది."

"మంచి ప్రశ్నే," అన్నాడు గురువుగారు. లేచి వసారాలో ఉన్న తర్వాతి మనిషిని పిలిచాడు.

ఇలా ఉండగా ఆయన కళ్లలో శుక్లాలు బాగా ముదిరాయి. బరంపురంలో ఆపరేషనుకు రోజు ఖాయమైంది. వెళ్లి, కోయించుకుని, మందులు వేసుకుని, పొగకూ దుమ్ముకూ దూరంగా ఉండి తిరిగి రావడానికి కనీసం నెలరోజులు. ఆ నెలరోజులు వైద్యశాల తెరిచి ఉండాలంటే చాప పక్కన మంగవేణి కూర్చోవాలి. లేదంటే తాళం.

ఆమెకు కూర్చోవాలని ఎంత ఉందో చెప్పలేం. రెండేళ్లుగా ఆ చాప పక్కన తన చోటు కోసమే కాచుకుని ఉంది. తాళం పడితే ఊరంతా ఏమనుకుంటుందో ఆమెకు తెలుసు. ఇన్నాళ్లు నేర్చుకున్నా తాత ఈమెను నమ్మలేదు అనుకుంటుంది. అది ఆమె తట్టుకోలేదు.

ప్రయాణానికి ముందు రోజు పొద్దున్న గురువుగారు అన్నాడు. "ఇవాళ తవిటమ్మ అని ఒకావిడ వస్తానని కబురు చేసింది. కొత్త మనిషి. నువ్వే చూడు. నేను వసారాలో కూర్చుంటాను. తలుపు తియ్యడమా, తాళం వెయ్యడమా అన్నది ఆ తర్వాత అనుకుందాం."

తవిటమ్మ ఎనిమిదింటికి వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, గట్టి ఒళ్లు. జీడి రసం అంటి అరచేతులు నల్లబడిపోయాయి. కుడి చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకుని, ఎవరి బిడ్డనో ఎత్తుకొచ్చినట్టు మెల్లగా లోపలికి వచ్చింది.

"తాత నేడేటమ్మా?"

"ఉన్నారు. ఇవాళ నేను చూస్తాను. చెప్పండి, ఏమైంది?"

తవిటమ్మ ఆమెను కిందికీ మీదికీ చూసింది. "జబ్బ ఎత్తనేకపోతన్నానమ్మా. రెండు నెలలైపోనాది. తల దువ్వుకోనేను, రవిక తొడుక్కోనేను. నా కోడలు తొడుగుతాది. మంచిదే పాపం, గానీ ఎన్నాళ్లు తొడుగుతాది?"

"పడుకోండి. నాలుగు సూదులు వేస్తాను, అంతే."

"నాకు సూదంటే బయమమ్మా," అంది తవిటమ్మ కూర్చున్నచోటు నుంచి కదలకుండా. "ఎనకోసారి ఆసుపత్రిలో ఓ నర్సమ్మ ఏసినాది. మూడ్రోజులు జెరమొచ్చీసినాది."

ఆ నర్సమ్మ తను కాదని మంగవేణికి తెలుసు. అయినా ఎక్కడో చురుక్కుమంది.

"ఇవి ఆ సూదులు కావు. వెంట్రుకంత ఉంటాయి. నొప్పి తెలియదు," అని చెప్పి, జబ్బ కింద దిండు సర్ది, పని మొదలుపెట్టింది.

మొదటి సూది మోచేతి దగ్గర, రెండోది ముంజేతి మీద, మూడోది మెడ పక్కన. టక్, టక్, టక్. మూడూ చోటు తప్పలేదు. తవిటమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగపట్టుకుని పడుకుంది. నాలుగోది అన్నిటికంటే ముఖ్యమైనది, జబ్బ గూట్లో వెయ్యాల్సింది. అది సరిగ్గా పడితే రోగికి లోపల బరువుగా, లాగినట్టుగా తెలుస్తుంది. దాన్నే ఆ విద్యలో పట్టు అంటారు. పట్టు వస్తేనే సూది పని చేస్తున్నట్టు.

మంగవేణి నాలుగో సూది దింపింది. "పట్టు వచ్చిందామ్మా?"

"ఏటి పట్టు?"

"లోపల బరువుగా, గుంజినట్టుగా ఉందా?"

"ఏటీ నేదు."

వసారాలో గురువుగారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఈ మాటలన్నీ ఆయనకు వినబడతాయి. వచ్చింది అనే ఆ ఒక్క మాట ఆయన చెవిన పడాలని మంగవేణి మనసు కొట్టుకుంది. సూదిని కొద్దిగా కుడివైపుకు తిప్పింది.

"ఇప్పుడు?"

"నేదు."

ఇంకాస్త తిప్పింది. అటే. "ఇప్పుడు?"

ఒకవైపే తిప్పకూడదని ఆమెకు తెలియక కాదు. కుడివైపు ఎంత తిప్పితే ఎడమవైపు అంత తిప్పాలి. లేకపోతే లోపల కండ సూదికి చుట్టుకుపోతుంది. ఇది గురువుగారు చెప్పిన మొదటి పాఠాల్లో ఒకటి, ఆమె పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీసుకుంది. కానీ ఆత్రం ముందు గీతలు ఏం పని చేస్తాయి? మూడోసారీ అటే తిప్పింది.

తవిటమ్మ "అమ్మా" అని ఒక్కసారిగా జబ్బ బిగించింది.

సూది ఆగిపోయింది. మంగవేణి వేళ్ల మధ్య సూది పిడి అటూ కదలదు, ఇటూ కదలదు. ఎడమవైపుకు తిప్పి చూసింది. రాలేదు. మెల్లగా పైకి లాగింది. సూదితో పాటు చర్మం కూడా లేచింది.

"నొప్పెడతందమ్మా, తీసీ," అంది తవిటమ్మ.

"తీస్తున్నాను. కదలకండి."

మళ్లీ లాగింది. జబ్బ ఇంకా బిగుసుకుంది. సూది కొంచెం వంగింది కూడా. తవిటమ్మ నుదుటి మీద చెమట పట్టింది, ఆమె కళ్లు ఇప్పుడు తెరుచుకుని పైకప్పు పెంకుల్ని చూస్తున్నాయి. మంగవేణికి ఒక్కటే ఆలోచన. లోపల విరిగితే? ఆసుపత్రికి తీసుకెళ్లాలి, కోసి తియ్యాలి. పిక్కలు కొట్టి బతికే మనిషి చెయ్యి అది.

పక్కన పళ్లెంలో పటకారు ఉంది. మరగబెట్టిన సూదులు తీసే పటకారు. దాంతో పట్టి ఒక్క లాగు లాగితే వచ్చేస్తుందనుకుని చెయ్యి చాపింది.

"అది అక్కడ పెట్టమ్మా."

గురువుగారు గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడు లేచి వచ్చాడో ఆమె గమనించలేదు.

"ఇరుక్కుపోయింది గురువుగారూ. మీరొచ్చి తియ్యండి," అంది.

ఆయన వచ్చాడు. కానీ సూది వైపు చూడలేదు, తవిటమ్మ వైపు కూడా వెళ్లలేదు. మంగవేణి వెనకాల చాప మీద మెల్లగా, మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు.

"సూదిని వదిలెయ్," అన్నాడు. "నీ చెయ్యి ఆవిడ చేతి మీద పెట్టు."

"పెట్టి?"

"పెట్టు."

ఆమె తవిటమ్మ ముంజేతి మీద అరచెయ్యి పెట్టింది. అప్పుడు గురువుగారు తన అరచేతిని మంగవేణి వీపు మీద, రెండు రెక్కల మధ్య ఆనించాడు. అంతే. నొక్కలేదు, రుద్దలేదు. వెచ్చగా ఉంది ఆ చెయ్యి, దానికి తొందరేమీ లేదు.

మంగవేణి అలవాటుగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. సూది విరిగితే ఎవరిని పిలవాలి అనుకుంది. పదిహేడు, పద్దెనిమిది. ఆసుపత్రికి రిక్షా దొరుకుతుందా అనుకుంది. ముప్పై దగ్గర లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టబోయి, ఊరుకుంది. వీపు మీది చెయ్యి అలాగే ఉంది. ఇందాకటి నుంచీ బిగబట్టి ఉంచిన ఊపిరి, ఎందుకో తెలియదు, పెద్దగా బయటికి వచ్చేసింది. అప్పుడు కిందికి చూసుకుంటే, మఠం వేసుకున్న తన కాళ్ల వేళ్లు గట్టిగా ముడుచుకుని ఉన్నాయి.

దారిలో జీడిపిక్కల బస్తాల లారీ ఒకటి మూలుగుతూ వెళ్లిపోయింది.

ముందు మాట్లాడింది తవిటమ్మే. "నీ సెయ్యి సల్లగైపోనాదేటమ్మా? బయపడ్డావా?"

లేదు అనడానికి మంగవేణి నోరు తెరిచింది. ఆసుపత్రిలో ఆరేళ్లు ఆ మాట అంటూనే గడిపింది. రోగి ముందు భయపడినట్టు కనబడకూడదని అక్కడ మొదటి రోజే చెబుతారు.

"భయపడ్డానమ్మా," అంది. "చాలా భయపడ్డాను. తప్పు నాదే. ఒకవైపే తిప్పేశాను."

తవిటమ్మ తల తిప్పి ఆమె మొహం చూసింది. "నానూ బయపడ్డాను. నువ్వు దైర్నంగా ఉన్నావు, నానొక్కద్దాన్నే బయపడతన్నానని సిగ్గుపడి సెప్పనేదు."

"చెప్పారు కదా ముందే."

"సెప్పినాను. నువ్వు ఇన్నావేటి?"

ఆ మాటలో నిష్ఠూరం కొంచెమే, మిగతాదంతా ఎకసెక్కం. మంగవేణికి ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. ఆమె నవ్వు చూసి తవిటమ్మకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుకు పెద్ద ఒళ్లంతా కదిలింది, తర్వాత మెల్లగా కుదురుకుంది. కుదురుకున్నప్పుడు జబ్బ దిండులోకి దిగింది. ఇందాకటి నుంచీ బిగుసుకుని ఉన్న సూది కాస్త పక్కకు వాలింది.

మంగవేణి చూసింది. వెనక్కి తిరిగి అడిగింది. "తియ్యమంటారా గురువుగారూ?"

"నన్నెందుకు అడుగుతావు?" అన్నాడాయన.

ఆమె మళ్లీ ఇటు తిరిగింది. "తియ్యనామ్మా?"

"తియ్యమ్మా."

ఎడమ చెయ్యి ముంజేతి మీదే ఉంచి, కుడిచేతి రెండు వేళ్లతో సూదిని ఎడమవైపుకు మెల్లగా తిప్పింది. తిరిగింది. ఇంకొంచెం తిప్పింది. సూది వచ్చేసింది. చివరిదాకా ఉంది, ఎక్కడా విరగలేదు. దూది ఒత్తి తీస్తే చిన్న రక్తపు చుక్క, అంతే.

మంగవేణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పరీక్షలు పాసైనప్పుడు కూడా అంత తేలిక పడలేదు ఆమె మనసు. ఒక మనిషి చెయ్యి బాగానే ఉంది, ఇంకేమీ అక్కర్లేదనిపించింది. వైద్యశాల, తాళం, ఊరివాళ్ల మాటలు, ఏవీ ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

తిరిగి చూస్తే గురువుగారు లేడు. ఆయన వసారాలోకి వెళ్లి ఎవరితోనో రైలు వేళల గురించి మాట్లాడుతున్నాడు.

మిగతా మూడు సూదులూ తీసింది. తీసే ముందు ప్రతిసారీ అడిగింది. ఆ తర్వాత ఇంక సూదులు వెయ్యలేదు. నువ్వుల నూనె వెచ్చచేసి జబ్బకూ మెడకూ రాసింది. రాస్తుండగా చేతికి జబ్బ వెనక ఒక గట్టి ముడి తగిలింది. ఇందాక సూదులు వేసేటప్పుడు అది ఆమెకు తెలియనే లేదు. దాని మీద బొటనవేలు ఉంచి ఊరుకుంది. అది కరగడం, తవిటమ్మ కునుకు తియ్యడం, ముందు ఏది జరిగిందో చెప్పడం కష్టం. మొత్తానికి మూడో చాప మీద ఎండ పడేవేళకు రంగం తాత వైద్యశాలలో మంగవేణి చేతి కింద మొదటిసారి ఒక మనిషి గుర్రు పెట్టింది.

లేచాక తవిటమ్మ కుడి చెయ్యి ఎత్తి చూసుకుంది. చెయ్యి చెవిదాకా వెళ్లింది.

"కొప్పు కాడికి ఎల్లనేదు గానీ, సెవి దాకా ఎల్లిపోనాది," అంది ఎవరికో అప్పచెబుతున్నట్టు. గుమ్మం దాటుతూ వసారాలో ఉన్న గురువుగారితో, "తాతా, ఎల్లుండొస్తాను. నువ్వు ఉన్నా నేకపోయినా ఈ పిల్లకాడికే వస్తాను," అని చెప్పి వెళ్లిపోయింది.

మంగవేణి చాప దులిపి, సూదులు కడిగి, స్టవ్వు మీద మరగడానికి పెట్టింది. గురువుగారు లోపలికి వచ్చాక తల ఎత్తకుండానే అంది.

"తాళం వేసేద్దాం గురువుగారూ. నెలరోజులే కదా. తవిటమ్మతో నేను చెబుతాను."

"ఎందుకు?"

"ఇవాళ నా వెనకాల మీరున్నారు. ఎల్లుండి ఇరుక్కుంటే ఎవరుంటారు?"

ఆ మాట అనడానికి ఆమెకు చాలా కష్టమైంది. పొద్దున్న అయితే చచ్చినా అనేది కాదు. అన్నాక మాత్రం, నిజం చెప్పాలంటే, ఆమెకు హాయిగానే ఉంది. రెండేళ్లుగా మోస్తున్నదేదో దించి పక్కన పెట్టినట్టయింది.

గురువుగారు పెరట్లోకి వెళ్లి కాళ్లు కడుక్కొచ్చాడు. కండువా తీసి చిలక్కొయ్యకు తగిలించి, తవిటమ్మ పడుకున్న చాప మీదే బోర్లా పడుకున్నాడు.

"నాలుగు రోజులుగా మెడ పట్టేసి ఉంది. రేపు రైల్లో కూర్చోలేను," అన్నాడు. "నాలుగు సూదులు వెయ్యి."

మంగవేణి తను విన్నది నిజమేనా అన్నట్టు చూసింది. ఈ రెండేళ్లలో ఆయన ఒంటి మీద సూది పడటం ఆమె చూడలేదు. ఆయన సూది వేయించుకోగా చూశామన్న మనిషి ఊళ్లోనే లేడు. అందరి నొప్పులూ తీసేవాడికి నొప్పులు ఉండవేమోనని అనుకునేవారు.

"నేనా?"

"ఇంకెవరున్నారు?"

సూదులు మరిగాయి. తీసి, ఆరబెట్టి, పెట్టెలో సర్దుకుని, చేతులు కడుక్కుని ఆయన పక్కన కూర్చుంది. మెడకు ఎక్కడెక్కడ వెయ్యాలో ఆమెకు క్షణంలో తెలిసిపోయింది. ఒక సూది తీసుకుంది. ఎడమ చెయ్యి ఆయన మెడ మీద పెట్టింది.

మెడ కొయ్యలా ఉంది. నొప్పితో పట్టేసిన బిగువు కాదది, దాన్ని ఆమె చెయ్యి గుర్తుపట్టగలదు. ఇది వేరే. ఆయన ఊపిరి పైపైనే ఆడుతోంది. చాప అంచును పట్టుకున్న పిడికిలి తెల్లబడింది.

"గురువుగారూ," అంది. "ఏమైంది?"

ఆయన చాపలోకే, మెల్లగా అన్నాడు.

"నాకు సూదంటే భయమమ్మా."

హాస్యమాడుతున్నాడేమో అనుకుని ఆమె వంగి ఆయన మొహం చూసింది. అది హాస్యమాడే మనిషి మొహం కాదు. డెబ్బై దాటిన ఆ మొహంలో, కళ్లు గట్టిగా మూసుకుని, సిగ్గుపడుతూ ఒక పిల్లవాడు పడుకుని ఉన్నాడు.

"ఎప్పటి నుంచి?" అని అడిగింది.

"రంగంలో మొదటి సూది చూసిన రోజు నుంచీ."

మంగవేణి చేతిలోని సూదిని పెట్టెలో పెట్టేసింది. మూత వేసి, పెట్టెను ఆయనకు కనబడనంత దూరం జరిపింది. మళ్లీ దగ్గరగా జరిగి, ఒక చెయ్యి ఆయన మెడ మీద, ఒక చెయ్యి నడుము మీద పెట్టి కూర్చుంది. ఏమీ అడగలేదు. భయం లేదని చెప్పలేదు, నొప్పి తెలియదని చెప్పలేదు. ఫ్యాక్టరీ నుంచి మధ్యాహ్నం అన్నానికి బయల్దేరిన ఆడవాళ్లు దారి పొడుగునా మాట్లాడుకుంటూ వెళ్లారు. ఆ మాటలు దగ్గరై, దూరమై, వినబడకుండా పోయాయి. ఆమె అరచేతి కింద ఆయన వీపు ఒకసారి పైకి లేచి మెల్లగా దిగింది. మళ్లీ లేచి దిగింది. చాప అంచును పట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటే విడివడ్డాయి. మెడ ఆమె చేతిలోకి బరువుగా వచ్చింది.

"ఇప్పుడు వెయ్యి," అన్నాడు గురువుగారు.